మడమ నొప్పిని గురించి నాలుగు మాటలు

కడచిన సంవత్సరము మా పాఠశాలలో జరిగిన తల్లిదండ్రుల సమావేశమునాడు ఒక చిన్న విషయము మా కంటబడినది. కుర్చీలు చాలకపోవుటచే కొందరు తల్లులు గోడ వెంబడి నిలువబడవలసి వచ్చెను. వారిలో ముగ్గురు నలుగురు ఒక కాలిమీద బరువు మోపి, రెండవ కాలి మడమ నేలను తాకకుండ పైకెత్తి, చెరువుగట్టున కొంగ నిలిచినట్లు నిలిచియుండిరి. ఉపన్యాసము సాగుచున్నంతసేపును కాలు మార్చుకొనుచునే యుండిరి. సభ ముగిసిన పిదప దగ్గరకు పోయి విచారింపగా, ముందుగా కూడబలుకుకొని వచ్చినవారివలె అందరును ఒకే మాట చెప్పిరి.

"పొద్దున్నే లేచి కాలు కింద పెట్టలేమండీ. మేకు దిగినట్టుంటుంది. నాలుగడుగులు వేస్తే సర్దుకుంటుంది. సాయంత్రానికి మళ్ళీ మొదలు."

ఎన్నాళ్ళనుండి అని అడిగితిమి. ఒకరికి ఆరు మాసములు, మరియొకరికి ఏడాదిన్నర. వైద్యునికి చూపితిరా అని అడిగినప్పుడు వారిలో ఒకామె నవ్వి, "మడమ నొప్పికి కూడా డాక్టరు దగ్గరికి పోతారాండీ?" అనెను. ఈ వ్యాసమునకు ఆ ప్రశ్నయే కారణము. జ్వరము వచ్చినచో పడుకొందురు, పన్ను నొచ్చినచో పరుగెత్తుదురు. కాని మడమ నొప్పిని మాత్రము వయసుతోపాటు వచ్చు పన్నువలె చెల్లించుచు ఓర్చుకొందురు. ఓర్చుకొనవలసిన అవసరము చాలవరకు లేదని చెప్పుటయే మా ఉద్దేశము.

మన గుమ్మిడిపూండిని తలచుకొన్నచో ఈ నొప్పి ఇంత విరివిగా నుండుటలో వింత యేమియు లేదనిపించును. ఒకప్పుడు ఈ ప్రాంతపువారు వరిమళ్ళ బురదలో నడిచెడివారు, మెత్తని మట్టిబాటలపై తిరిగెడివారు. సిప్కాటు పారిశ్రామికవాడ వచ్చిన నాటినుండి ఉక్కు మిల్లులు, పోత కర్మాగారములు, వాహనముల విడిభాగముల కర్మాగారములు నెలకొన్నవి. సరిహద్దు దాటినంతనే తడ దగ్గర శ్రీసిటీలో మరికొన్ని. అచ్చట పనిచేయు మన పిల్లల తల్లులును తండ్రులును ఎనిమిది గంటలు సిమెంటు నేలమీద నిలువబడుదురు. చెన్నపట్టణపు బట్టల దుకాణములకు పోవువారు పోవునప్పుడు గంటకు పైగా లోకల్ రైలులో నిలిచి, అచ్చట దినమంతయు నిలిచి, మరల రైలులో నిలిచి ఇల్లు చేరుదురు. ఉపాధ్యాయుల సంగతి మేము వేరుగ చెప్పనక్కరలేదు. ఇంటనుండు గృహిణులును తక్కువేమి కాదు. పూర్వము పేడతో నలికిన మట్టి నేలపై తిరిగిన పాదములే నేడు రాతి పలకలపైన, టైల్సుపైన ఉదయమునుండి రాత్రివరకు చెప్పులు లేక తిరుగుచున్నవి.

పాదమును కొంచెము తెలిసికొన్నచో నొప్పియు అర్థమగును. ఒక్కొక్క పాదమునందు 26 ఎముకలు కలవు. రెండు పాదములును కలిపి 52, అనగా దేహమందలి 206 ఎముకలలో నాలుగవవంతు ఇచ్చటనే యున్నవి. ఈ ఎముకలు వరుసగా నేలపై పరచినట్లు కాక, వంతెన కమానువలె వంపుగా అమరియున్నవి. ఆ వంపు కూలకుండ పట్టియుంచునది అరికాలి చర్మము క్రింద మడమ ఎముకనుండి వ్రేళ్ళ మొదళ్ళవరకు సాగిన ఒక గట్టి పట్టీవంటి పొర. వైద్యులు దీనిని ప్లాంటార్ ఫేషియా అందురు. విల్లునకు నారి యెట్టిదో పాదపు వంపునకు ఈ పొర అట్టిది. మనము అడుగు ముందుకు వేయుచు మడమ ఎత్తినప్పుడు కాలివ్రేళ్ళు పైకి వంగును. వ్రేళ్ళు వంగినకొలది ఈ పొర బిగిసి వంపును ఎత్తి పట్టును. బావిగిలక మీద త్రాడు చుట్టుకొని చేద పైకి వచ్చినట్లుండును ఈ పని. 1954లో హిక్స్ అను ఆంగ్ల వైద్యుడు ఈ సంగతిని వివరించెను. చదువరులు ఇప్పుడే తమ పాదమును నేలపై నుంచి, బొటనవ్రేలిని చేతితో పైకెత్తి చూచినచో వంపు తానై లేచుట కనబడును.

ఇక నొప్పి సంగతి. చేదత్రాడు ఒక్కనాడు తెగదు. గిలకను ఒరసికొను చోట ఒక్కొక్క పీచు లేచుచు, కొంతకాలమునకు ఆ చోటు పలుచబడును. అట్లే ఈ పొర మడమ ఎముకను అంటుకొను చోట, లోపలి ప్రక్కగా, దినదినమును పడు లాగుడుచే పీచు పీచుగ చెడును. రాత్రి విశ్రాంతిలో దేహము దానిని బాగుచేయ ప్రయత్నించును. కాని నిద్రలో పాదము క్రిందికి వ్రాలియుండుటచే పొర కుంచించుకొని యుండును. ఉదయమున మొదటి అడుగు వేసినంతనే దేహభారమంతయు పడి ఆ కుంచించుకొన్న పొర ఒక్కసారిగ సాగును. ఆ తల్లి చెప్పిన మేకు ఇదియే. నాలుగడుగులకు పొర సాగి నొప్పి తగ్గును. దినమంతయు నిలిచిన పిదప అలసి మరల మొదలగును. చాలసేపు కూర్చుండి లేచినప్పుడు వచ్చునదియు ఈ కారణము చేతనే.

ఇచ్చట ఒక సంగతి గమనింపదగినది. చాలకాలము ఈ వ్యాధిని వాపు అని తలచిరి. 2003లో అమెరికాలో లెమాంట్ అను పాదవైద్యుడు సహచరులతో గూడి, శస్త్రచికిత్సలో తీసిన 50 పొరల ముక్కలను సూక్ష్మదర్శినిలో పరీక్షించెను. వాటిలో వాపు లక్షణములకంటె పీచులు శిథిలమైన లక్షణములే కనబడినవి. వాపును తగ్గించు మాత్రలు కొన్నాళ్ళు బాధను కప్పిపుచ్చునేగాని రోగమును నయము చేయకపోవుటకు ఇది కొంత కారణము. మందుల దుకాణమున అడిగి తెచ్చుకొన్న నొప్పి మాత్రలను మాసముల తరబడి మ్రింగువారు మన ఊరిలో పెక్కురు కలరు. వాటివలన కడుపులో పుండ్లు పడుటయు, మూత్రపిండములు చెడుటయు కలదు. మడమకొరకు మూత్రపిండమును పణముపెట్టుట ఏమి వ్యాపారమో మాకు తెలియదు.

మన ప్రాచీనులకు ఈ నొప్పి తెలియనిది కాదు. సుశ్రుతసంహితలో దీనికి దగ్గరగా నున్న బాధ వాతకంటకమను పేర చెప్పబడినది. కంటకమనగా ముల్లు. పాదమును ఎగుడుదిగుడుగ మోపుటవలనను, శ్రమవలనను వచ్చునని దానికి కారణము చెప్పిరి. పేరు పెట్టినవాడు ఉదయమున ఆ ముంటిని స్వయముగ త్రొక్కియుండునని మా అనుమానము. తమిళమున దీనిని కుదికాల్ వలి అందురు. ఇచ్చటి ప్రభుత్వ ఆసుపత్రిలో చీటీ వ్రాయించుకొనునప్పుడు ఆ మాట చెప్పినచో చాలును.

ఎక్స్‌రే తీయించినవారిలో కొందరు బెదరిపోయి వచ్చుట మేము చూచితిమి. మడమ అడుగున ముల్లువంటి ఎముక పెరిగినది, దానిని కోయించవలెను అని వారి భయము. ఆ ఎముక పెరుగుదల ఏ నొప్పియు లేనివారి మడమలలోను తరుచుగ కనబడును. ముల్లు ఉండియు నొప్పి తగ్గిపోయినవారు ఎందరో కలరు. కనుక ఆ ఛాయాచిత్రమును చూచి నిద్ర పోగొట్టుకొనవలసిన పనిలేదు.

ఎవరికి వచ్చును? గట్టి నేలమీద చాలసేపు నిలుచువారికి, బరువు పెరిగినవారికి, పిక్క కండరములు బిగిసినవారికి, అరికాలు మరీ చదునుగా గాని మరీ వంపుగా గాని ఉన్నవారికి ఎక్కువ. నలుబది దాటిన పిదప మరింత. అలవాటు లేక ఒక్కసారిగ నడక పెంచినవారికిని వచ్చును. మన ప్రాంతమున దీనికి మంచి ఉదాహరణము పురటాసి మాసము. సంవత్సరమంతయు కుర్చీలో గాని యంత్రమువద్ద గాని గడపినవారు ఆ మాసమున చెప్పులు విడిచి తిరుమలకు కాలినడకన బయలుదేరుదురు. దారిలో తారు రోడ్డు, చివర 3,500కు పైబడిన అలిపిరి మెట్లు. ఆడికృత్తికనాడు తిరుత్తణిలో కావడి మోసికొని 365 మెట్లు ఎక్కువారి సంగతియు ఇట్టిదే. మ్రొక్కును మానుకొనుమని మేము చెప్పబోము. రెండు మూడు మాసముల ముందునుండి దినమునకు కొంచెము కొంచెముగ నడక పెంచుకొన్నచో స్వామికి కోపము రాదు, మడమకును రాదు.

ఉపశమనము గురించి మొదట ఒక శుభవార్త. ఈ నొప్పి వచ్చిన పదిమందిలో ఎనిమిది తొమ్మిదిమందికి శస్త్రచికిత్స లేకుండగనే, సాధారణముగ సంవత్సరము లోపల, తగ్గును. అశుభవార్త యేమన, వారములో తగ్గదు. చేయవలసినవి చవకైనవి, కాని దినదినమును చేయవలసినవి. మాకును ఒకప్పుడు ఈ బాధ వచ్చినది. మొదటి ఆరు మాసములు తైలములు మార్చుచు, చెప్పులు మార్చుచు, వైద్యులను మార్చుచు వ్యర్థము చేసితిమి. వ్యాయామమును మాత్రము మూడు దినములు చేసి మానితిమి. తరువాత దానినే మూడు మాసములు మానక చేసినప్పుడు గాని గుణము కనబడలేదు.

ముఖ్యమైన వ్యాయామము మంచము దిగకముందే చేయవలసినది. నొప్పియున్న పాదమును రెండవ మోకాలిపై వేసికొని, చేతితో కాలివ్రేళ్ళను మొదలువద్ద పట్టి మోకాలివైపునకు వెనుకకు వంచవలెను. రెండవచేతి బొటనవ్రేలితో అరికాలిని తడిమినచో పొర తంబురా తీగవలె బిగిసియుండుట తెలియును. అట్లు బిగియనిచో ఇంకను కొంచెము వంచవలెను. పది లెక్కించువరకు పట్టి విడువవలెను. ఇట్లు పదిమార్లు. దినమునకు మూడు పర్యాయములు చేయవలెనుగాని, మొదటిది మాత్రము ఉదయమున పాదము నేలను తాకకముందే జరుగవలెను. చాలసేపు కూర్చుండి లేవబోవునప్పుడును ఒకమారు చేసినచో మంచిది. రైలులో కూర్చుండుటకు చోటు దొరికిన అదృష్టవంతులు తమ స్టేషనుకు ముందు చేయవచ్చును. 2003లో అమెరికాలో రోచెస్టరు వైద్యులు దీర్ఘకాలపు మడమ నొప్పి గల 101 మందిని రెండు తెగలుగ చేసి పరీక్షించిరి. పిక్కను మాత్రమే సాగదీసినవారికంటె ఇట్లు అరికాలి పొరను సాగదీసినవారికి ఎక్కువ గుణము కనబడెను.

పిక్కను విడిచిపెట్టుమని దీని అర్థము కాదు. పిక్క బిగిసియున్నచో మడమను వెనుకనుండి లాగును. ముందునుండి పొర లాగును. నడుమ నలిగిపోవునది మడమ ఎముక. గోడకు ఎదురుగ నిలిచి, రెండు చేతులు గోడకు ఆనించి, నొప్పియున్న కాలిని వెనుకకు జరిపి, మోకాలు వంచక, మడమ నేలనుండి లేవనీయక ముందునకు వంగవలెను. పిక్కలో లాగుడు తెలిసినప్పుడు ముప్పది లెక్కించువరకు నిలువవలెను. ఇట్లు మూడుమార్లు. ఆపైన మోకాలిని కొంచెము వంచి మరల అట్లే చేసినచో పిక్క అడుగుభాగము సాగును.

మూడవది బలమును పెంచునది. 2014లో డెన్మార్కు దేశపు పరిశోధకులు దీనిని పరీక్షించి ప్రకటించిరి. తుండుగుడ్డను చుట్టగ చుట్టి మెట్టు అంచున పెట్టి, దానిపై కాలివ్రేళ్ళు పైకి వంగియుండునట్లు నిలిచి, మడమలను గాలిలో నుంచవలెను. తలుపు చట్రమును గాని గోడను గాని పట్టుకొని మూడు లెక్కించుచు మెల్లగ మడమలెత్తి, పైన రెండు లెక్కించువరకు నిలిచి, మూడు లెక్కించుచు దింపవలెను. పండ్రెండుమార్లు చేసినచో ఒక వరుస. మొదట రెండు కాళ్ళతోను, బలము వచ్చిన పిదప ఒక్క కాలితోను, దినము విడిచి దినము చేయవలెను. కొంచెము నొప్పి కలుగును, భయపడనక్కరలేదు. మరునాటి ఉదయమున నొప్పి మునుపటికంటె ఎక్కువైనచో మాత్రము వరుసలు తగ్గింపవలెను. ఇది చేసినవారు కేవలము సాగదీసినవారికంటె మూడు మాసములకే మేలుగ నుండిరి. సంవత్సరము గడచునప్పటికి ఇరువురును సమానమైరి. అనగా ఏదో యొకటి మానక చేసినవాడు బాగుపడును. మడమలెత్తుటకు మెట్లమీద నిలుచుటకు భయపడు వృద్ధులు మొదటి రెండింటితో తృప్తిపడవచ్చును.

ఇక ఇంటి వైద్యము. వేడిచేసిన ఇటుకపై జిల్లేడాకులు పరచి దానిమీద మడమ ఆనించుట మన ఇండ్లలోను, తమిళుల ఇండ్లలోను తరతరములుగ నున్న పద్ధతి. వేడివలన కండరములు సడలి హాయి కలుగుట నిజమే. దానిని నిందింపవలసిన పనిలేదు. కాని రెండు జాగ్రత్తలు. జిల్లేడు పాలు కంటిలో పడినచో కన్నునకు హాని. ఆకు త్రుంచిన చేతిని సబ్బుతో కడుగుకొనవలెను. రెండవది మరింత ముఖ్యము. చక్కెరవ్యాధి గలవారు ఈ ఇటుక దగ్గరకు పోరాదు. కారణము ముందు చెప్పెదము. వేడికి బదులు చల్లదనము హితవైనవారు సీసాలో నీరుపోసి గడ్డకట్టించి, దానిని అరికాలి క్రింద ముందు వెనుకలకు పది నిమిషములు దొర్లింపవచ్చును. నడుమ ఒక గుడ్డ ఉండవలెను.

పాదరక్షల విషయమున మనవారు చేయు పొరపాటు పొదుపు. సంవత్సరము తొడిగి అరిగిన రబ్బరు చెప్పును బోర్లించి చూచినచో మడమ దగ్గర అప్పడమువలె పలుచబడియుండును. దానిమీద నిలుచుటకును వట్టి నేలమీద నిలుచుటకును భేదము లేదు. మంచి పాదరక్షను గుర్తించుటకు పెద్ద విద్య అక్కరలేదు. రెండు చేతులతో వంచినచో వ్రేళ్ళ మొదళ్ళు వచ్చు చోటనే వంగవలెను, నడుమ వంగరాదు. మడమ క్రింద కొంత ఎత్తును మెత్తదనమును ఉండవలెను. కాని చేయి నొక్కినంతనే పూర్తిగ లోనికి పోవు మెత్తదనమును పనికిరాదు. కర్మాగారపు భద్రతా బూట్లు తొడుగువారు లోపల చోటున్నచో మెత్తని అట్ట వేసికొనవచ్చును. చోటు లేకున్నచో ఒక కొలత పెద్ద బూటు అడుగుట న్యాయము.

ఇంటిలో చెప్పులు తొడుగుట మన ఆచారమునకు విరుద్ధమను ఆక్షేపణ వచ్చును. బయట ఎన్నడును తొడగని జత నొకదానిని ఇంటికొరకే ఉంచి, పూజగదికి ముందు విడిచినచో ఆచారమునకు లోపము రాదని మా అభిప్రాయము. దానికిని మనసొప్పని పెద్దలు వంటగదిలో పొయ్యి ఎదుట మడతపెట్టిన గోనెపట్టాను గాని పాత జంబుఖానాను గాని వేసికొని నిలువవచ్చును. కాలు జారకుండ అది నేలను అంటియుండవలెను.

ఈ సందర్భమున మన పొరుగుననే యున్న వేలూరును తలచుట ధర్మము. పాల్ బ్రాండ్ అను శస్త్రవైద్యుడు 1914లో తమిళనాటి కొల్లిమలలలో మిషనరీల బిడ్డగ జన్మించి, ఇంగ్లండులో వైద్యము చదివి, 1946లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చెను. కుష్ఠరోగుల పాదములు పుండ్లుపడి రాలిపోవుట రోగమువలననే అని అప్పటివారి నమ్మకము. రోగము నరములను చంపుటచే నొప్పి తెలియక, ముల్లు దిగినను మేకు గ్రుచ్చుకొన్నను దానిమీదనే నడిచి, పాదమును వారే నాశనము చేసికొనుచున్నారని ఆయన కనిపెట్టెను. వారి పాదములపై పడు ఒత్తిడిని సమముగ పంచుటకై ఆయనయు సహచరులును సన్నని గాలిబుడగలు గల రబ్బరుతో చెప్పులు చేయించిరి. వాడుకలో ఎం.సి.ఆర్. చెప్పులనబడునవి అవియే. నేడు చక్కెరవ్యాధి గలవారును, మడమ నొప్పి గలవారును వానిని తొడుగుచున్నారు. నొప్పి దేహమునకు కావలివాడు అని బ్రాండ్ జీవితాంతము చెప్పెను, 2003లో మరణించెను.

చక్కెరవ్యాధి గలవారికి ఆ కావలివాడు నిద్రపోవును. చాలకాలము రక్తములో చక్కెర ఎక్కువగనున్నచో పాదముల నరములు మొద్దుబారును. వేడి ఇటుక కాల్చినను తెలియదు, చెప్పులోని గులకరాయి ఒరిసినను తెలియదు. మడమ నొప్పికి ఇటుక పెట్టుకొని, బొబ్బ లేచి, అది పుండై, చివరకు పాదమునే పోగొట్టుకొన్నవారు కలరు. కనుక చక్కెరవ్యాధి గలవారు మడమ నొచ్చినచో స్వంత వైద్యము మాని వైద్యునికి చూపవలెను. ప్రతిరాత్రి అరికాళ్ళను అద్దములో చూచుకొనవలెను. కన్ను ఆనని పెద్దలకు బడికి పోవు మనుమడు చూచి చెప్పవచ్చును. నొప్పి తానై మాయమై, బదులుగ తిమ్మిరి గాని దూదిమీద నడిచినట్లు గాని తోచినచో సంతోషింపరాదు.

చక్కెరవ్యాధి లేనివారును ఆలస్యము చేయక వైద్యుని చూడవలసిన గుర్తులు కొన్ని కలవు. మడమ వాచి ఎఱ్ఱబడి జ్వరము వచ్చుట, ఎత్తునుండి దుమికిన పిదప గాని పడిన పిదప గాని కాలు మోపలేకపోవుట, పడుకొన్నప్పుడును నొప్పి ఆగకపోవుట. నడివయసు రాని యువకునకు రెండు మడమలును నొచ్చుచు, ఉదయమున నడుము అరగంటకు పైగ బిగుసుకొనియుండుట కీళ్ళకు సంబంధించిన వేరు వ్యాధి కావచ్చును. మూడు మాసములు వ్యాయామము చేసినను గుణము లేనివారును పోవలెను. ఇ.ఎస్.ఐ. చీటీ గలవారు దానిని ఈ పనికి వాడుకొనుటకు సంకోచింపరాదు. 2021లో తమిళనాడు ప్రభుత్వము ప్రారంభించిన మక్కళై తేడి మరుత్తువమ్ పథకమున రక్తపోటు, చక్కెరవ్యాధి మందులతోపాటు వ్యాయామ చికిత్సయు చేర్చబడినది.

మడమలో స్టెరాయిడు సూదిమందు వేయించుకొనుటను గురించి తరుచుగ అడుగుదురు. కొన్ని వారములు హాయిగ నుండును. దానివలన పొర తెగుటయు, మడమ అడుగునందలి మెత్తని కొవ్వు కరుగుటయు అరుదుగ కలదు. పెండ్లి పనులు నెత్తిమీదనున్న తల్లి వైద్యునితో ఆలోచించి ఒకమారు వేయించుకొన్నచో తప్పు పట్టలేము. మరల మరల వేయించుకొనుట మంచిది కాదు.

ఇంతవరకు చెప్పినదంతయు పాదము గలవాడు చేసికొనవలసిన పని. కాని నొప్పికి మూలము నిలుచుట అయినప్పుడు భారమంతయు నిలుచువానిమీదనే మోపుట న్యాయము కాదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టపు 44వ విభాగము, నిలిచి పనిచేయువారందరికిని పని నడుమ అవకాశము దొరికినప్పుడు కూర్చుండుటకు తగిన ఏర్పాటు ఉండవలెనని శాసించెను. ఆ చట్టమునకు బదులుగ చేసిన 2020 నాటి వృత్తిభద్రతా స్మృతిలోను ఆ మాట చేర్చబడినది. దుకాణముల విషయమున 2018లో కేరళమును, 2021లో తమిళనాడును చట్టములు సవరించి, పనివారందరికి ఆసనము ఉంచవలెనని నిర్ణయించినవి. బట్టల దుకాణములలో పది పండ్రెండు గంటలు నిలుచు స్త్రీల మొర విని చేసిన సవరణ ఇది. చట్టము వ్రాసినంత మాత్రమున స్టూలు నడిచి రాదు. మన తల్లులలో ఒకామె పనిచేయు దుకాణమున స్టూలు వేసిరట, దానిపై బట్టల మూటలు పెట్టిరట. అడిగిన పిదప మూటలు తీసిరని చెప్పినది. పనివారు తమకు హక్కు కలదని తెలిసి మర్యాదగ అడుగుట మొదటి మెట్టు. ఆసనము ఇంకను రానిచోట అరగంటకొకమారు రెండడుగులు నడుచుట, ఒక పాదమును చిన్న పీటపై నుంచి బరువు మార్చుకొనుట కొంత మేలు చేయును. ఎదుటివారికి చెప్పునప్పుడు మా ఇంటినిగూడ చూచుకొనవలెను గనుక, ఈ సంవత్సరపు సమావేశమునకు బెంచీలైనను తరగతి గదులనుండి వరండాలోనికి తెప్పింపవలెనని నిర్వాహకులను కోరియున్నాము.

పిల్లల మడమలు వేరు కథ. ఎనిమిది మొదలు పదునాలుగేండ్లలోపు బాలబాలికలు, ముఖ్యముగ పరుగుపందెములును కబడ్డీయు ఆడువారు, ఆట ముగిసిన పిదప కుంటుచు వచ్చి మడమ నొచ్చుచున్నదందురు. ఇది పైన చెప్పిన పొర నొప్పి కాదు. ఎదుగుచున్న వయసున మడమ ఎముక వెనుకభాగమున ఇంకను గట్టిపడని ఎదుగుదల పలక యొకటి యుండును. పిక్క కండరము లాగినప్పుడెల్ల అది నొచ్చును. 1912లో సెవర్ అను వైద్యుడు దీనిని వివరించెను. మడమను రెండు ప్రక్కలనుండి బొటనవ్రేలు చూపుడువ్రేలి నడుమ పట్టి నొక్కినచో బిడ్డ అమ్మా అనును. అది దీని గుర్తు. ఎదుగుదల ముగిసినప్పుడు తానై పోవును, పాదమునకు శాశ్వతమైన హాని చేయదు. బడి ఎగవేయుటకు నటించుచున్నాడని బిడ్డను గద్దింపరాదు. కొన్ని వారములు పరుగులు తగ్గించి, పిక్కను సాగదీయించి, మడమ క్రింద మెత్తని అట్ట వేసినచో చాలును. వాపుగాని జ్వరముగాని యున్నచో, లేక ఒక్క మడమయే పట్టువిడువక నొచ్చుచున్నచో వైద్యునికి చూపవలెను.

జూన్ మాసమున బడులు తెరచునప్పుడు బూట్లు కొనుటకు సాయంకాలము పొండు. దినమంతయు తిరిగిన పాదము సాయంకాలమునకు కొంత ఉబ్బియుండును. ఉదయమున సరిపోయిన బూటు అప్పుడు బిగియును. బిడ్డను నిలువబెట్టి, పొడవైన వ్రేలికిని బూటు కొనకును నడుమ మీ బొటనవ్రేలి వెడల్పు చోటున్నదో లేదో చూడుడు. రెండేండ్లు వచ్చునని రెండు కొలతలు పెద్దది కొనవలదు, అన్న విడిచిన అరిగిన బూటు తమ్మునికి తొడుగవలదు. ఆటలలో మడమ నొచ్చు బిడ్డల తల్లిదండ్రులు ఆటల ఉపాధ్యాయునికి ఒక చిన్న చీటీ వ్రాసి పంపినచో, కొన్ని వారములు ఆ బిడ్డను పరుగునకు బదులు క్యారమ్ బల్లవద్ద కూర్చుండబెట్టుదురు.